ఆంజినమ్మ పనికి తగిన మాట

మాట దొరకనప్పుడు జ్యోతిలక్ష్మి బొటనవేలిని చూపుడువేలికి రాస్తుంది. మెల్లగా, ఏదో పొడిని నలుపుతున్నట్టు. ఆఫీసులో పక్క టేబులు శ్రీకాంత్‌కు అది నవ్వులాట.

"ఏం జ్యోతక్కా, ముక్కుపొడి తెమ్మంటావా?"

ఆమె తలెత్తదు.

ఆ అలవాటు ధర్మవరంలో, తల్లి వేళ్లను చూసి అబ్బింది. ఆ తల్లి ఆంజినమ్మ నేతవాళ్ల ఇంటింటికీ పోయి అచ్చులు అతికే పని చేస్తుంది. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని ప్రతి పోగు కొసకూ కొత్త పోగును కలపాలి. వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. ముడి వేయకూడదు. వేల పోగులు. ఒక్కటి తప్పితే చీర పొడవునా గీత.

జ్యోతిలక్ష్మి ఆ పనికి పోలేదు. స్పెయిన్ విరాళాలతో నడిచే ఒక సంస్థలో స్పానిష్ నేర్చుకుని, దాని బత్తలపల్లి ఆఫీసులోనే అనువాదాలు చేస్తోంది.

రెండువేల రెండు. ఆ ఏడూ వాన ముఖం చాటేసింది. ధర్మవరం పట్టు ఉత్తరీయాలను స్పెయిన్‌లో అమ్మడానికి సంస్థ ఒక కార్డు అచ్చు వేయిస్తోంది. కార్డు మీద ఆంజినమ్మ ఫోటో. కింద ఆమె పని గురించి ఒక వాక్యం. అది రాయడం జ్యోతిలక్ష్మి వంతయింది.

మొదట స్పానిష్‌లో కుయిదాదోసొ అని రాసి కొట్టేసింది. అది జాగ్రత్త. పగిలే వస్తువును మోసేవాడి భయం అందులో ఉంది. మినుథియోసొ అని రాసింది. చిన్నదాన్ని కూడా వదలని చూపు. కానీ తనిఖీకి వచ్చిన అధికారికీ ఆ మాటే వాడతారు. ఎస్మెరాదొ దగ్గర ఆగింది. చక్కగా రావాలని పట్టుబట్టి చేసిన పని. అంతకంటే దగ్గరి మాట ఆమెకు తెలియదు.

విభాగం పెద్ద రామదాసు చెడ్డవాడు కాదు. ఏ మాటకు విరాళం వస్తుందో ఆయనకు తెలుసు. ఆ విరాళాలతో పల్లెల్లో బడులు లేచాయి. ఆయన ఎస్మెరాదొను కొట్టేసి, ఉమిల్దె, పాథియెంతె అని రాశాడు. పేద, ఓపిక గల.

"ఇదేం మాటన్నా?"

"పేదరాలు, ఓపికగా చేస్తాంది. తప్పేముండాది? చదివితే వాళ్ల మనసు కరుగుతాది."

"కరిగితే ఏమొస్తాది? వాళ్లు కొనేది పట్టు."

"పట్టు యాడైనా దొరుకుతాది పాపా. కరువు మన కాడ్నే ఉండాది. అయినా మీయమ్మకు స్పానిష్ వస్తాదా ఏమన్నా?"

"నాకొస్తాది గదన్నా."

శ్రీకాంత్ టైపు చేయడం ఆపాడు. రామదాసు కాగితం మడిచాడు.

"రేపు ప్రెస్సుకు పోవాల. ఇదే పోతాది."

సాయంత్రం ఆమె ధర్మవరంలో దిగింది. ఆంజినమ్మ అప్పుడే పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది.

"మా, నిన్ను పేదరాలు, ఓపికస్తురాలు అని రాస్తామంటాండారు."

"పేద అనేది నిజమే గదా."

"ఓపిక?"

"నాకా? మీ నాయన్నడుగు."

"నన్నెందుకు లాగుతావే," అన్నాడు తండ్రి బాలప్ప లోపల్నుంచి.

"మరి పొద్దుగూకులు కూచోని ఎట్ల అతుకుతావు?"

"అతుకు యాడుండాదో మగ్గమాయన వెతికినా దొరక్కూడదు. గంగక్క అతికింది తడిమితే తెలిసిపోతాది. నాది తెలీదు. అది ఓపిక గాదే, పొగరు."

జ్యోతిలక్ష్మి తల్లికి తువ్వాలు అందించింది.

"నీ ఫోటో ఇచ్చేది లేదంటే నీకు బాధా?"

"యాన్నో దేశంలో నా మొగం యేలాడకపోతే నాకేం పోతాది? ఇంతకూ బాగ పడిండాదా?"

"పడిండాది."

"అయితే వాళ్లకే నష్టం."

మర్నాడు పొద్దున, ఆఫీసు ఊడ్వడం ఇంకా పూర్తి కాకముందే జ్యోతిలక్ష్మి వచ్చింది. రామదాసు ఫైలులోంచి తల్లి ఫోటో తీసి తన సంచిలో పెట్టుకుంది. ఎస్మెరాదొ అన్న మాటతో వాక్యాన్ని మళ్లీ టైపు చేసి ఆయన టేబులు మీద ఉంచింది. దాని కింద తెలుగులో రాసింది: ఈ మాట ఉంటేనే ఫోటో. తర్వాత తన చోటికి పోకుండా, ఆయన కుర్చీకి ఎదురుగా ఉన్న కుర్చీలో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.