ఎదురింట్లో మా విత్తనాలు

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మా ఇంట్లో ఉన్నవి ఇవి: నాయన, అమ్మ, నేను, రెండు ఎద్దులు, ఒక గొర్రు, గోడకు ఆనించి పేర్చిన ఆరు మూటల వేరుశెనిక్కాయలు. ఆ ఆరు మూటలు మాత్రం మావి కావు. ఎదురింటి పెద్దమ్మవి. మా ఆరు మూటలు ఆమె ఇంట్లో ఉండేవి.

మాది శింగనమల దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల ఎర్రనేల, ఎండాకాలంలో అడుగంటే ఒక బావి, ఆకాశాన్ని నమ్ముకున్న ఒకే పంట. ఏటా చెట్ల నుంచి కాయలు తెంపి ఎండబెట్టాక మరుసటి ఏటి విత్తనానికని మంచివి ఏరి పక్కన పెట్టేవాళ్లం. వాన వచ్చేనాటికి అందులో సగం ఉండేది కాదు. చుట్టాలు వస్తే ఒక చేటెడు వేయించేవాళ్లం. అంగట్లో ఉప్పుకూ చింతపండుకూ ఒక గంపెడు పోయేది. ఎవరూ దుబారా చేయలేదు. మన ఇంట్లో ఉన్న మన కాయలు, ఎవరిని అడగాలి?

అందుకని అమ్మా ఎదురింటి పెద్దమ్మా కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. విత్తనం మూటలను దబ్బనంతో కుట్టేసి, మావి వాళ్లింటికి, వాళ్లవి మా ఇంటికి మార్చేవారు. ఎదుటివాళ్ల మూట మీదికి చెయ్యి పోదు. దానికి నేనే సాక్ష్యం. మావే అయితే ఏ మూలనో చిల్లి పెట్టి రోజూ జేబు నింపుకునేవాణ్ణి. పెద్దమ్మ మూటలకు ఆనుకొని పడుకుని కూడా ఒక్క కాయ తీయలేదు.

ముందుగా కావాలంటే తీసుకోవచ్చు, కానీ గడప దగ్గర నిలబడి ఎందుకో పైకి చెప్పాలి. అవతలివాళ్లు అడిగేది ఒకటే: పదునైందా? పదును అంటే గొర్రు కట్టి విత్తడానికి చాలినంత తడి. అమ్మ అడిగినా అదే, పెద్దమ్మ అడిగినా అదే.

ఆ మధ్యాహ్నం నాయన మనసులో ఒక లెక్క ఉంది. పక్క ఊళ్లో ఎవరో ఆయిల్ ఇంజను అమ్ముతున్నారు. అడ్వాన్సు ఆరు వందలు. అనంతపురం నుంచి వచ్చిన వ్యాపారి మూటకు నూరు రూపాయలు ఇస్తానన్నాడు, మామూలు కంటే ముప్పై ఎక్కువ. ఇప్పుడు అమ్మి ఇంజను తెచ్చుకుంటే వాన వచ్చాక నీళ్లు తోడుకోవచ్చు, విత్తనం అప్పటికి ధర తగ్గాక కొనుక్కోవచ్చు. తర్వాత నేను ఇంజనీరింగ్ చదివి ఆ లెక్కను చాలాసార్లు చూసుకున్నాను. కూడికలో తప్పు లేదు. వాన పడిన రోజు ఊరంతా ఒకేసారి విత్తనం కొనబోతుందన్న సంగతే అందులో లేదు.

అమ్మ వద్దంది. నాయన వినలేదు. వ్యాపారి బండి వీధి మలుపులో నిలబడి ఉంది. నేనూ నాయన వెనకాలే వెళ్లాను.

పెద్దమ్మ గడపలో కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. నాయన ఇంజను సంగతి, ధర సంగతి అంతా చెప్పాడు. ఆమె చెరగడం ఆపలేదు.

"పదునయ్యిందా?" అంది.

"మండే ఎండల్లో పదునేంది వదినా? నా కాయలు నాకిచ్చేదానికి నీ పెత్తనమేంది?"

"నీ కాయలు కాదన్నేదెవరప్పా? తీస్కపో. అట్లే మావి గూడా ఈ పొద్దే తెచ్చి మా ఇంట్లో ఎయ్యి. ఒకరివి ఉండి ఒకరివి లేకుంటే అది పద్ధతి కాదు."

నాయనకు రోషం వచ్చింది. విసురుగా ఇంటికొచ్చి, వాళ్ల మూట ఒకటి భుజాన వేసుకుని వీధి దాటి ఆమె ఇంట్లో దించాడు. రెండో మూట ఎత్తుకుని వీధి మధ్యకు వచ్చేసరికి పెద్దమ్మ కొడుకు ఎదురొచ్చాడు. పెళ్లికాని పడుచువాడు. ఆ నెలలోనే చేతిగడియారం పేకాటలో పోగొట్టుకున్నాడని ఊరందరికీ తెలుసు.

"ఇయ్యి చిన్నాయనా, నువ్వెందుకు మోస్తాండావు? నేను మోస్తా," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. మూటకు చేయి ఆనించి, మలుపు వైపు చూస్తూ, "ఆ బండి ఆయప్ప ఇంకా ఉండాడు కదా?" అని అడిగాడు.

నాయన అక్కడే ఆగిపోయాడు. మూట భుజం మీదే ఉంది. ఒకసారి వాడి మొహం చూశాడు, ఒకసారి గడపలో పెద్దమ్మను చూశాడు. ఆమె తల వంచుకుని జొన్నలు చెరుగుతూనే ఉంది. తన మూటలు ఇంటికొస్తే సాయంత్రానికి ఏమవుతాయో ఆమెకు తెలుసు. తెలిసే తెమ్మంది.

"నువ్వు మోయాల్సిన పన్లేదు లేప్పా," అని నాయన వెనక్కి తిరిగాడు. రెండో మూటను మా గోడ దగ్గర పెట్టి, మళ్లీ వెళ్లి మొదటిదీ మోసుకొచ్చాడు. పెద్దమ్మ కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చిందంతే. వ్యాపారికి పొమ్మని చెప్పే పని నాకు పడింది.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ మా గడప దగ్గర నిలబడింది. అమ్మ నవ్వుతూనే, "పదునయ్యిందా?" అని అడిగింది. పెద్దమ్మ దోసిట్లో ఎర్రమట్టి పట్టుకొచ్చింది. పిడికిలి బిగించి విప్పితే ఉండ ఉండలాగే ఉంది. మూటలు వీధి దాటాయి. ఆ పొద్దంతా ఆడవాళ్లు కాయలు ఒలిచారు, మరునాడు గొర్రులు కదిలాయి. ఎండాకాలంలో అమ్ముకున్నవాళ్లు ఆ రోజే విత్తనానికి పట్నం పోయారు. రెట్టింపు ధర పెట్టి తెచ్చేలోగా పైతడి ఆరిపోయింది. మాకు పండింది గొప్ప పంటేమీ కాదు, కానీ పండింది. ఇంజను రెండేళ్ల తర్వాత, ఇంకాస్త ఎక్కువ పెట్టి కొన్నాం. నాయన దాని గురించి ఎప్పుడూ సణగలేదు.

డబ్బు దాచుకోవడం మనసును అదుపులో పెట్టుకునే పని అని చాలామంది అంటారు. నాకైతే అది ఒక వీధి దాటే పని. నాకు ఉద్యోగం వచ్చిన మొదటి ఏడే నా పోస్టాఫీసు పాసుపుస్తకం నాతో పనిచేసే స్నేహితుడి బీరువాలో పెట్టాను. అతనిది నా బీరువాలో పెట్టుకున్నాను. అతనిది కోస్తా, మెట్టసేద్యం ఎరగడు. పుస్తకం కోసం వస్తే "పదునైందా?" అని అడగాలని నేనే నేర్పాను. ఇద్దరం రిటైరయ్యేదాకా ఆ పద్ధతి మారలేదు. నా చేయి జారితే అతని చేయి కూడా జారుతుందన్న భయమే నన్ను నిలబెట్టింది.

ముప్పై ఒక్క ఏళ్లలో నేను అతని గడప దగ్గర నిలబడింది ఏడు సార్లు. పదునైంది రెండు సార్లు.