బావి గట్టు మీది రాయి

తీపి మీద నాకున్న యావ మా అత్తగారింట్లో అందరికీ తెలుసు. ఆ యావ నాతో ఎంత పని చేయించిందో మాత్రం ఎవరికీ తెలియదు.

రజాకార్ల భయం పోయి బండ్లు మళ్ళీ తిరగసాగిన చలికాలం అది. మిర్యాలగూడ దాకా పోయి పుట్టింటి వైపు ఒకసారి చూసొస్తానంది మా అత్తమ్మ. ఆమె కళ్ళకు పొర కమ్ముతోంది. ఉన్న చూపు పోకముందే వెళ్ళాలని తొందర. గూడు కట్టిన ఎడ్లబండిలో గడ్డి పరిచి, బొంత వేసి, వంటగిన్నెలు సర్దుకుని సూర్యాపేట నుంచి బయలుదేరాం. బండి తోలేది మా ఆయనే. నీడ కనిపించిన చోట వంట, బండిలోనే పడక. కోదాడ మీదుగా చుట్టుబాట పట్టించింది నేను. అక్కడ కాజాలు బాగుంటాయని విన్నాను మరి!

పిల్లలమర్రి గుడి దగ్గర అత్తమ్మ రాతి స్తంభాలను తడిమి తడిమి మురిసిపోయింది. "ఎంత నున్నగ చెక్కిన్రో సూడు బిడ్డా" అంది. నేను ఆ స్తంభానికే ఆనుకుని గరిజెల డబ్బా ఖాళీ చేస్తున్నాను. కోదాడలో బెజవాడ వైపు నుంచి వచ్చినాయన కాజాలు అమ్ముతూ, "తినండమ్మా, పాకం లోపలిదాకా దిగింది" అన్నాడు. కొరికితే మోచేతి దాకా కారింది. అత్తమ్మ తన వంతులో సగం నాకే పెట్టింది.

హుజూర్‌నగర్ దాటాక, మధ్యాహ్నం, బాట పక్కన ఒక దిగుడుబావి వచ్చింది. బాటసారుల కోసం అత్తమ్మ వాళ్ళమ్మ తన వెండి కడియాలు అమ్మి తవ్వించిందట. గట్టు మీద నిలబెట్టిన రాయిపై అక్షరాలున్నాయి. మా ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే.

"జర చదువు బిడ్డా. మా అమ్మ పేరు ఏసిన్రో, మా నాయిన పేరే ఏసిన్రో. చిన్నప్పటి సంది తెల్సుకోవాల్నని ఉంది."

రాయి చుట్టూ ముళ్ళకంప. అక్షరాల నిండా నాచు. నీళ్ళు తెచ్చి రుద్ది, కూడబలుక్కుని చదవాలంటే గంట పడుతుంది. మిర్యాలగూడలో పొద్దుగూకే వేళ వేడివేడి బెల్లం జిలేబి వేస్తారని, ఆలస్యమైతే దొరకదని మా ఆయన పొద్దుటి నుంచీ ఊరిస్తున్నాడు. నాకు చిరాకెత్తింది. కంప ఇవతలి నుంచే వంగి చూసి, "అక్షరాలు అరిగిపోయినయ్ అత్తమ్మా, ఏం కనిపిస్తలేవు" అనేశాను.

"గంతేనా" అంది. ఇంకోసారి చూడమని అనలేదు. "ఎండకు నీ కండ్లు గుంజినట్టున్నయ్. బండెక్కు బిడ్డా."

జిలేబి వేడిగానే దొరికింది. అత్తమ్మ పన్ను నొప్పి అంటూ ముట్టలేదు. ఆమె వంతూ నేనే తిన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఏడాది తిరగకుండానే ఆమె చూపు పూర్తిగా పోయింది. నేను మళ్ళీ వెళ్ళి ఆ రాయి చదివి రాగలిగేదాన్నే. కానీ వెళ్ళాలంటే ముందు అబద్ధం ఒప్పుకోవాలి. నోరు రాలేదు. ఆమె పోయిన చాలా ఏళ్ళకు, సాగర్ కాలువ తవ్వాక వెళ్ళి చూస్తే, ఆ చోట మట్టికట్ట ఉంది. బావీ లేదు, రాయీ లేదు. పొలాలకు నీళ్ళొచ్చాయని ఊళ్ళో అందరూ సంతోషంగా ఉన్నారు. నేనొక్కదాన్నే కట్ట మీద కూర్చుని ఏడ్చాను.

అక్షరాలు అరగలేదు. నాచు కింద లోతుగా, చక్కగా ఉన్నాయి. నేను చూశాను.

ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా ఆ బావి మాటెత్తితే, చూపులేని అత్తమ్మ నా అలికిడి ఎటుంటే అటు తల తిప్పి గర్వంగా చెప్పేది: "ఆ రాయి మీద ఏం మిగల్లే. మా కోడలు సదువుకున్నది. దగ్గరికి పోయి సూసి చెప్పింది."