‘అలా కాదు’ కాకా, ఆయన ఖుకురీ

మా కొండ మీద ఎవరు ఏం కోస్తున్నా సరే, హర్కజిత్ కాకా వచ్చి వాళ్ళ చేతిలోని ఖుకురీ, అదే మా నేపాలీ వంపుకత్తి, లాక్కుంటాడు. ఆయన గురించి తెలుసుకోవలసింది ఇంతే. మిగతాదంతా దీనికి వ్యాఖ్యానం.

లాక్కునే ముందు రెండే మాటలంటాడు. “అలా కాదు.” ఆ గొంతులో కోపం ఉండదు, జాలి ఉంటుంది. అదే మరీ ఒళ్ళు మండిస్తుంది. ఆ తర్వాత గుమ్మడికాయ కానీ, వెదురు కానీ, పొయ్యిలోకి కట్టెలు కానీ, అన్నీ తానే కొట్టేసి, కత్తి తుడిచి, దాని వెన్ను నిమిరి, ఒరలో పెట్టి, మన చేతికివ్వకుండా నేల మీద ఉంచి వెళ్ళిపోతాడు. ఖుకురీ ఒక చేతినుంచి ఇంకో చేతికి ఇస్తే స్నేహం తెగుతుందని పెద్దవాళ్ళంటారు. లాక్కుంటే మాత్రం తెగదట. ఈ మినహాయింపు పెద్దవాళ్ళెవరూ చెప్పింది కాదు, కాకా సొంత సవరణ.

ఆయన ఇల్లు కొండకి అన్నిటికంటే పైమెట్టు మీద. భోజ్‌పుర్ బజారునుంచి ఎక్కి వస్తే చివరి ఇల్లు. మేమంతా కింద, మెట్లుమెట్లుగా దిగే మొక్కజొన్నచేల మధ్య. ఖుకురీ ఒరలోంచి వచ్చే ఆ చిన్న చప్పుడు ఆయనకి మూడు మెట్ల అవతలినుంచి వినిపిస్తుంది. ఆయన భార్య థీరీమాయ మాత్రం మూడడుగుల దూరంనుంచి పిలిచినా వినిపించదు.

“ఓ ముసలాయనా, గేదెకి గడ్డి వేశావా?”

కాకా చెవి కింది మెట్ల వైపే.

“నిన్నే, ముసలాయనా.”

“ష్. మనసరా వదిన గుమ్మడికాయ మీద రెండో దెబ్బ వేసింది.” అని చెప్పులు వెతుక్కుంటాడు.

“ఆ వదిన గుమ్మడికాయకున్న విలువ ఈ ఇంట్లో నాకుంటే బాగుండును,” అంటుంది థీరీమాయ, ముప్ఫయ్యేళ్ళుగా.

కాకా పటాలంలో పదహారేళ్ళు చేశాడు. ఈ మాట వినగానే కొత్తవాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. చేసింది వంటశాలలో. “నా ఖుకురీ ఎంతమందిని చూసిందో లెక్కలేదు, అందరూ ఉల్లిపాయలే,” అని ఆయనే చెప్పేస్తాడు. మా జాతి శౌర్యం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళకి ఆయనంటే అందుకే గిట్టదు. ఒకసారి కొండలెక్కడానికి వచ్చిన ఒక తెల్లదొర, ఈ కత్తి ఒకసారి ఒరదాటితే రక్తం రుచిచూడకుండా లోపలికి పోదటగా, నిజమేనా అని ఊరి బడిపంతులునైన నా ద్వారా అడిగించాడు. కాకా అప్పుడు ముల్లంగి తరుగుతున్నాడు.

“మా ముల్లంగి రక్తం తెల్లగా ఉంటుందని చెప్పు మాస్టర్,” అన్నాడు.

కత్తి మీద మాత్రం ఆయనకు భక్తి కాదు, గౌరవం. భక్తి ఉన్నవాళ్ళు దాన్ని గోడకి తగిలిస్తారు. కాకా దాన్ని వాడతాడు. ఒర పట్టుకునేటప్పుడు వేళ్ళు పదును వైపుకి చుట్టకూడదంటాడు, పాతతోలు చీల్చుకుని కత్తి ఎప్పుడు బయటికొస్తుందో తెలియదు కనక. బలం వాడకూడదంటాడు. “కోసేది నువ్వు కాదు, ఆ వంపు. బరువంతా ముందుకి ఉంది చూడు. నువ్వు దాన్ని పైదాకా తీసుకెళ్ళి దాని పనికి అడ్డం రాకుండా ఉంటే చాలు.” తయారుచేసిన కమ్మరి పేరు చెప్పందే ఏ కత్తి గురించీ మాట్లాడడు. ఆ కమ్మరిని గుమ్మందాటి లోపలికి రానివ్వని ఇళ్ళలో, “ఆయన చేసింది లోపల ఉంది, ఆయన బయట ఉన్నాడు, మీ పూజ దేనికి?” అని అడిగేసి, పెట్టిన టీ తాగకుండానే లేచి వస్తాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఆ లాక్కోవడంతోనే. సుబేదారు దల్‌జిత్ అంటే ఊరంతటికీ భయం. ఛాతీ మీద పతకాలు పెట్టుకుని కంచెకి వెదురు కొడుతున్న మనిషిని పట్టుకుని, “అలా కాదు సుబేదార్ సాబ్. మీరిలా పట్టుకుంటే శత్రువులు నవ్వలేకే చచ్చిపోయి ఉంటారు,” అని నలుగురి ముందూ అన్నాడు. ఇక నా సంగతి చెప్పక్కర్లేదు. బడి కంచెకోసం వెదురు చీలుస్తుంటే, పిల్లల తల్లిదండ్రులందరి ఎదుటా, “చదువుకున్నవాడి చేతిలో ఖుకురీ, కోతి చేతిలో కొబ్బరికాయ,” అన్నాడు. ఇలా పదకొండేళ్ళు. నేను అల్లం ముక్క కోయడానికి కూడా తలుపు గడియపెట్టుకునే స్థితికి వచ్చాను.

ఈ దశైంకి, అంటే మా దసరాకి, ముందు కాకా కొత్త మనిషిని పట్టుకున్నాడు. తిల్‌విక్రమ్, మా పక్కింటివాడు. మలేసియాలో సోఫాలు చేసే కర్మాగారంలో ఆరేళ్ళు పనిచేసి ఆషాఢంలో తిరిగొచ్చాడు. ఎప్పుడు చూసినా కుడిచెయ్యి కోటు జేబులోనే. విదేశాలు తిరిగొచ్చిన డాబు అనుకున్నాం. అతను కట్టెలు కొట్టడం మొదలుపెడితే చాలు, పైనుంచి కాకా దిగివచ్చేవాడు. “అలా కాదు.” అతనూ మారుమాట లేకుండా ఇచ్చేసేవాడు. ఇంత సులువుగా ఇచ్చేవాణ్ణి చూసి నాకే సిగ్గేసింది. నేనైతే కనీసం మొహం మాడ్చుకుంటాను.

తిల్‌విక్రమ్ తండ్రి కిందటేడు పోయాడు. మైల ఏడాదంతా ఆ ఇంట్లో పండగ లేదు. ఇదే మొదటి దశైం. నవమినాడు ఇంటి యజమానే మేకను కోయాలి, అదీ ఒక్క దెబ్బకి. రెండో దెబ్బ పడిందంటే ఏడాదిపొడుగునా ఆ ఇంటికి కీడు. నాకిలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ నమ్మకం లేనివాడి మాట ఆ రోజు తిల్‌విక్రమ్ తల్లికి పనికిరాదు. మొగుడు పోయాక ఆ ఇంటికి యజమాని ఉన్నాడో లేడో అన్నది ఆ ఒక్క దెబ్బ మీద ఆధారపడి ఉంది. తిల్‌విక్రమ్ మేనమామ ముందురోజే వచ్చి దిగాడు. వాకిట్లో ముప్ఫైమంది చేరారు.

బొట్టుపెట్టి పూలుపెట్టిన తండ్రి ఖుకురీని తిల్‌విక్రమ్ తీశాడు. చలిగా ఉంది, అయినా అతని మొహమంతా చెమట.

“అలా కాదు.”

ముప్ఫైమందీ ఒక్కసారి నిట్టూర్చారు.

మేనమామ అడ్డం వచ్చాడు. “హర్కజిత్, నీకు దణ్ణం పెడతాను, ఇవాళొక్కరోజు వద్దు. ఇంటివాడే కోయాలి.”

“కోయొద్దని నేనన్నానా? కానీ ఆ పట్టు చూడండి. గరిటె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మేకని కోస్తాడా, పప్పు కలుపుతాడా?”

అందరూ నవ్వారు. వెనకనుంచి ఎవరో, “ఆరేళ్ళు సోఫాల మధ్య కూర్చుంటే చేతులు మెత్తబడవా మరి?” అన్నారు.

“పోనీ కాకా, వచ్చే ఏడు నేర్పుదువుగాని,” అన్నాను నేను.

“ఇవాళ రెండో దెబ్బ పడితే, వచ్చే ఏడుదాకా ఈ ఇంటి కీడు నీ సంచీలో వేసుకుని బడికి పోతావా మాస్టర్?”

కాకా తిల్‌విక్రమ్ వెనక్కి వెళ్ళి, పలక మీద ఓనమాలు దిద్దించినట్టు, ఆ పిడికిలి మీద తన పిడికిలి బిగించాడు. “ఇంటివాడి చెయ్యి కత్తి మీదే ఉంది, అందరూ చూడండి. తర్వాత ఎవరూ నన్ననకండి,” అని చెప్పి, రెండు చేతులూ కలిపి పైకెత్తాడు.

ఒకటే దెబ్బ.

తల్లి కళ్ళు తెరిచేసరికి పని అయిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళ మగాడికి ఓనమాలు దిద్దించారని ఊరంతా రెండు గంటలసేపు పొట్ట పట్టుకుని నవ్వింది. విచిత్రమేమిటంటే, నవ్వులపాలైన తిల్‌విక్రమ్ కొండంత మూట దింపుకున్నవాడిలా ఉన్నాడు.

భోజనాల్లో అతను నా పక్కన కూర్చున్నాడు. మాంసం ముక్క అతని వేళ్ళలోంచి మూడుసార్లు జారింది. నాలుగోసారి నేను చూడటం అతను చూశాడు. అరచెయ్యి తిప్పి చూపించాడు. బొటనవేలి కింద పొడుగాటి కుట్లు.

“మిషను కింద పడింది మాస్టర్. అయిదు వేళ్ళూ ఉన్నాయి, ఒక్కటీ మాట వినదు.”

“ఇంట్లో తెలుసా?”

“ఎవరికీ తెలియదు. కాకాకి తప్ప. నేను చెప్పలేదు. కట్టెలు కొడుతుంటే చప్పుడు విని వచ్చాడు. రోజూ పొద్దున పైకి పిలిచి ఎడమచేత్తో నేర్పుతున్నాడు. పండగలోపు రాలేదు, అంతే.”

కాకా కత్తి లాక్కున్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే తలుచుకున్నాను. మనసరా ముసలమ్మ చేతులు వణుకుతాయి. సుబేదారుకి రెండు కళ్ళలోనూ పొరలు, ఒప్పుకోడు. ఆ ముసలమ్మకి గుమ్మడికాయ కోయడం చేతకాదని ఊళ్ళో ఒక్కరు కూడా అనలేదు, ‘ఆ కాకాగాడు కోయనివ్వడు’ అన్నారు. సుబేదారుకి చూపు పోయిందనీ అనలేదు. మరి నేను? నా చేతులు భేషుగ్గా ఉన్నాయి. కళ్ళూ ఉన్నాయి.

అన్నం సగంలో లేచి పైకి ఎక్కాను. కాకా గడపలో కూర్చుని, ఒరలో ఉండే మొండి చిన్నకత్తితో ఖుకురీ పదును సరిచేస్తున్నాడు.

“మిగతావాళ్ళ సంగతి అర్థమైంది కాకా. నన్నెందుకు పదకొండేళ్ళు ఏడిపించావు?”

ఆయన తలెత్తలేదు. “చేతకానివాళ్ళ దగ్గరే లాక్కుంటూ పోతే, మూడోనాటికి ఊరు కనిపెట్టేయదూ? మధ్యలో ఒక ఆరోగ్యవంతుడు ఉండాలి.”

“ఊళ్ళో ఆరోగ్యవంతుణ్ణి నేనొక్కణ్ణేనా?”

“నీ అంత బాగా మొహం మాడ్చుకునేవాళ్ళు లేరు. నిన్ను చూసి జనం ఎంత నవ్వుకుంటారంటే, ఇక మిగతావాళ్ళ చేతులకేసి చూడనే చూడరు.”

లోపలినుంచి థీరీమాయ, “నాతో కూడా చెప్పలేదు మాస్టర్,” అంది. “చెబితే గేదె పని మానేసి తిరుగుతున్నాడని తిట్టడానికి నాకు నోరు రాదని, నేను తిట్టకపోతే ఊరికి అనుమానం వస్తుందని ఈయన భయం.”

“ఎడమచేత్తో మేకను కోస్తే ఊరు ఊరుకుంటుందా కాకా?” అన్నాను.

“మేకకి కుడీ ఎడమా తెలియదు. వంపు ఎటునుంచి చూసినా వంపే. ఊరేమన్నా అంటే నేనున్నాగా. వచ్చే ఏడు అందరి ముందూ నిలబడి, ఇన్నాళ్ళూ కుడిచేత్తో కోశారే, అలా కాదు, అంటాను.”

నాకు నవ్వొచ్చింది. పదకొండేళ్ళ కోపం ఎటు పోయిందో తెలియలేదు. పక్కన పళ్ళెంలో చట్నీకోసం పెట్టిన అల్లం ఉంది. ఆయన నేల మీద పెట్టిన ఖుకురీ తీసుకుని, ఎన్నో ఏళ్ళకి తలుపు గడియలేని చోట, హాయిగా కోయడం మొదలుపెట్టాను.

“అలా కాదు.”

“కాకా, ఇక్కడ నువ్వూ నేనూ మీ ఆవిడే ఉన్నాం. ఇప్పుడు ఎవరిని కాపాడటానికి?”

“ఎవరినీ కాదు,” అంటూ ఖుకురీ లాక్కున్నాడు కాకా. “నీకు నిజంగానే చేతకాదు.”