పరగడుపున నూట ముప్పై

నా భార్యకు సుగరు ఉందని కంటి ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో తెలిసింది. పరగడుపున నూట డెబ్బై ఎనిమిది, తిన్నాక రెండు వందల అరవై దాటింది. డాక్టరమ్మ ఒక మాత్ర రాసి, అన్నం బాగా తగ్గించమని చెప్పింది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నేను రిటైరై అప్పటికి నాలుగు నెలలైంది. ముప్పై ఆరేళ్ళు చక్రాల కొలతలు సరిచూసిన మనిషిని ఇంట్లో కూర్చోబెడితే చేతులు ఊరుకోవు. ఇక నుంచి నీ తిండి సంగతి నేను చూసుకుంటానన్నాను.

"వండడం కూడా మీరేనేటి?" అంది.

"నేనే."

"ఠీక్ హై. మీరు వండితే గడ్డైనా తింటాను."

బియ్యం, గోధుమపిండి, బంగాళాదుంపలు వంటింట్లోంచి తీసేశాను. పొద్దున్నే గోల్‌బజార్ వెళ్ళి చేపలు, బీరకాయలు, కాలీఫ్లవర్ తెచ్చేవాణ్ణి. కాలీఫ్లవర్ తురిమి మూకుట్లో వేయించి, అన్నం బదులు దాని మీద చేపల పులుసు పోసి పెట్టేవాణ్ణి. ఆమె ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకోవడానికి మనసొప్పక నేనూ అదే తిన్నాను. మా తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడికి పనికి వచ్చిన నాటి నుంచీ మా ఇంట్లో రెండు పూటలా అన్నం ఉడకని రోజు లేదు. మొదటి వారం ఇద్దరికీ తలనొప్పి, నీరసం. ఆ తర్వాత అలవాటైంది.

సుగరు చూసే చిన్న మిషను ఒకటి కొన్నాను. రోజూ నిద్ర లేవగానే ఒకసారి, భోజనమైన రెండు గంటలకు ఒకసారి ఆమె వేలు గుచ్చి, వచ్చిన అంకె పుస్తకంలో రాసేవాణ్ణి. నెల తిరిగేసరికి తిన్నాక నూట ముప్పై దాటడం లేదు. మోకాళ్ళ నొప్పి తగ్గింది. జాకెట్లు వదులయ్యాయి. చూసినవాళ్ళందరూ బాగుందంటుంటే అది నా పనితనమే అనుకున్నాను.

కానీ మూడు నెలలు దాటినా పరగడుపు అంకె మాత్రం నూట ముప్పై దగ్గరే ఆగిపోయింది. నూట ఇరవై ఎనిమిది, నూట ముప్పై, నూట ముప్పై రెండు. రాత్రి భోజనం తర్వాత నూట పది ఉన్న మనిషికి, ఏమీ తినకుండా పడుకుని లేస్తే నూట ముప్పై ఎలా అవుతుంది? నాకు తోచిన జవాబు ఒక్కటే. ఎక్కడో తింటోంది.

మొదట అడగలేదు. ఇంటికి వచ్చేపోయే వాళ్ళ కోసం ఆమె దాచిన బిస్కెట్ల డబ్బా తూచి చూశాను. మరమరాల డబ్బా అటక మీద పెట్టాను. ఒకరోజు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు చేతిసంచీ కూడా వెతికాను. సంచీలో కళ్ళజోడు, చర్చి పాటల పుస్తకం, రెండు సేఫ్టీపిన్నులు ఉన్నాయి. తీసినవి తీసినట్టే సర్దుతుంటే నా చేతులు నాకే నచ్చలేదు. అయినా ఆగలేదు.

సుభాష్‌పల్లిలో మా పక్కింట్లో ఒక బెంగాలీ దీదీ ఉంటుంది. పాతికేళ్ళుగా రోజూ సాయంత్రం నా భార్య ఒక గంట అక్కడ కూర్చుని వస్తుంది. ఆ ఇంట్లో ఎప్పుడూ నారికేళం లడ్డూలో, సందేశ్ మిఠాయిలో ఉంటాయని నాకు తెలుసు. ఒక పొద్దున దీదీ గేటు దగ్గర పాలు పోయించుకుంటుంటే వెళ్ళి, నాకొచ్చిన బెంగాలీలో అడిగేశాను. మా ఆవిడకి మీరు మిఠాయిలు పెడుతున్నారా, నిజం చెప్పండి, ఆవిడ ఆరోగ్యం కోసమే అడుగుతున్నాను అని.

దీదీ పాలగిన్నె గోడ మీద పెట్టింది. "దాదా, మీ ఇంటావిడ మా ఇంట్లో చక్కెర లేని టీ తాగుతుంది. ఆవిడకి కష్టంగా ఉంటుందని నేనూ చక్కెర మానేశాను," అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నా భార్య పక్కింటికి వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"దీదీని ఏటి అడిగినారు?"

నేను అంకెల పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"నాతో అనుంటే నాను పడుందును. ఆవిడకెందుకు సెప్పినారు? రేపట్నుంచి ఆ ఇంట్లో ఎలగ కూకుంటాను? నన్ను దొంగని సేసీసినారు."

"అంకె తగ్గటం లేదు కదా," అన్నాను.

"అయితే సూడండి. మూడు రోజులు గుమ్మం దాటను. మీ కళ్ళెదుటే ఉంటాను. మీరు పెట్టిందే తింటాను."

అన్నట్టే చేసింది. ఆదివారం చర్చికి కూడా వెళ్ళలేదు. నేను కూరలు తరిగితే నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. నేను వరండాలోకి వెళ్తే తనూ వచ్చింది. నాతో అవసరానికి మించి ఒక్క మాట లేదు. అలా పక్కపక్కనే గడిపిన ఆ మూడు రోజుల్లో ఉన్నంత దూరం మా ముప్పై రెండేళ్ళ కాపురంలో ఎప్పుడూ లేదు.

నాలుగో రోజు పొద్దున తనే వేలు చాపింది. నూట ముప్పై నాలుగు.

ఆ అంకె పుస్తకంలో తనే రాసింది. తర్వాత మిషనులో కొత్త పట్టీ పెట్టి, "మీ సెయ్యి ఇటు ఇవ్వండి," అంది.

నాకు సుగరు లేదు. రిటైరయ్యే ముందు చేసిన పరీక్షలో పరగడుపున తొంభై రెండే వచ్చింది. ఆమె సూది గుచ్చింది. నూట పదమూడు.

"మీరేటి తిన్నారు దొంగతనంగా?" అని అడిగింది. ఎగతాళిగా కాదు. నిజంగానే నా నోటి నుంచి జవాబు వినాలన్నట్టు నా మొహంలోకి చూసింది. ఆమె అంకె కింద నా అంకె రాశాను.

ఆ రోజే పుస్తకం పట్టుకుని ఇద్దరం డాక్టరమ్మ చేంబర్‌కి వెళ్ళాం. ఆమె మా పిల్లల వయసుది, నన్ను బాబాయ్ అన్నట్టు కాకూ అంటుంది. పేజీలన్నీ తిప్పి చూసి తల ఊపింది.

"కాకూ, తెల్లవారుజామున శరీరం లేవడానికి సిద్ధమవుతుంది. అప్పుడు కాలేయం తన దగ్గరున్న చక్కెర కొంత రక్తంలోకి వదులుతుంది. అన్నం బాగా తగ్గించిన వాళ్ళ కండరాలు కొవ్వుతోనే పని నడుపుకుంటాయి, ఆ చక్కెరను అంతగా తీసుకోవు. అందుకని కొందరికి పొద్దుట అంకె ఎక్కువగానే కనిపిస్తుంది. దొంగతిండి అక్కర్లేదు."

దొంగతిండి అన్న మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. మాలాంటి వాళ్ళను చాలామందిని చూసి ఉంటుంది. నా భార్య కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

ఒక్క పొద్దుటి అంకె పట్టుకుని ఏదీ తేల్చకూడదని, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయించమని రాసింది. మొదటి రక్తపరీక్షలో ఎనిమిదిన్నర దగ్గర ఉన్న ఆ సగటు ఇప్పుడు ఆరున్నరలోపుకి వచ్చింది. మాత్ర మానొద్దంది. తిండి మరీ అంత బిగించక్కర్లేదని, మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం తినొచ్చని, రాత్రి భోజనం అయ్యాక కాసేపు నడవమని చెప్పింది. నన్నూ కొన్నాళ్ళాగి పరీక్ష చేయించుకోమంది.

మర్నాడు దీదీ ఇంటికి వెళ్ళాను. నా మాట తప్పైందని బెంగాలీలో చెప్పబోయి తడబడి, సగం హిందీలో ముగించాను. ఆమె కూర్చోమంది, టీ ఇచ్చింది. అందులో చక్కెర లేదు. "దాదా, మాతో మాట్లాడే ముందు మీ ఇంటావిణ్ణి అడిగుండాల్సింది," అంది. అవునన్నాను.

నా భార్య మాత్రం వెంటనే వెళ్ళలేదు. సాయంత్రాలు వరండాలో కూర్చుని పక్కింటి వైపు చూసి ఊరుకునేది. నేను వెళ్ళమని అనలేదు. ఆ మాట చెప్పే హక్కు నాకు లేదనిపించింది. మిషను ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటుంది. తన వేలు తనే గుచ్చుకుంటుంది. చెబితే వింటాను, అడగను.

మూడో వారంలో ఒక సాయంత్రం నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. చెప్పుల చప్పుడు, తర్వాత పక్కింటి గేటు తీసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి గోడ అవతల ఇద్దరూ నవ్వుతున్నారు. నా గురించే అయ్యుంటుంది. చేపలకు ఉప్పూ పసుపూ పట్టించి, పొయ్యి వెలిగించాను.