క్రూజర్‌లో మంచినీళ్ల తొట్టి

నిన్న విశాఖలో పాత యుద్ధనౌక చూపిస్తూ, అడుగున మంచినీళ్ల ట్యాంకు ఉండేదన్నారు.

మీరూ గీసే ఉంటారు, పాత క్యాలెండర్ల వెనక యుద్ధనౌకలు. ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో, జమ్మలమడుగులో, సముద్రం ఎరగని మా అక్కా నేనూ ఒక క్రూజర్ గీశాం. నేను ఫిరంగులు పెట్టాను. అక్క నడిమధ్యన పెద్ద తొట్టి గీసింది.

"చుట్టూరా నీళ్లే కదక్కా, తొట్టి ఏంటికి?" అని నవ్వాను.

"అవి ఉప్పునీళ్లంట రా. అంతమంది ఏం తాగుతారు?"

"నువ్వు యాడ చూసినావు?" అంటూ పెద్ద ఇంజనీరులా తొట్టిని రబ్బరుతో చెరిపేసి, ఆ చోట ఇంకో రెండు ఫిరంగులు పెట్టాను. అక్క మళ్లీ పెన్సిల్ పట్టలేదు.

చెబుదామంటే ఇప్పుడు అక్క లేదు. రోజూ పెన్న ఇసుకలో చెలమ తవ్వి ఇంటికి బిందెలు మోసింది తనే. నాకు తాగడమే తెలుసు.