అంకుల్ చూశారులే

గురువారం ఉదయం ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా మా తెలుగు చర్చి గ్రూపులో మెసేజ్ వచ్చింది. అంకుల్ ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు, శనివారం సమాధి కార్యక్రమం అని. ఫోను బల్లమీద బోర్లించి మీటింగ్ అయ్యేదాకా కూర్చున్నాను. తర్వాత కారులోకి వెళ్ళి ఏడ్చాను. ఆ ఏడుపులో దుఃఖం కంటే సిగ్గే ఎక్కువ. ఆ సిగ్గు సంగతి దాచి ఆయన గురించి మంచిమాటలు రాస్తే అది నేను ఆడే ఇంకో అబద్ధం అవుతుంది.

అమెరికాలో అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉన్న మా చర్చికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందిమి సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. అంకుల్ మాత్రం చేతులతో పనిచేసి రిటైరైన మనిషి. నరసాపురం దగ్గర లారీ బాడీలు కట్టే షెడ్డులో పని నేర్చుకున్నారు. ఇక్కడికొచ్చాక మోటర్‌హోమ్‌లు రిపేరు చేసే యార్డులో పాతికేళ్ళు పనిచేశారు. మంచాలు, వంటగట్టు, బాత్రూమ్ అన్నీ ఉండే బస్సులాంటి బండి అది. ఎండాకాలం దగ్గరపడితే చర్చిలో ఎవరో ఒకరికి పాతది ఒకటి కొనాలని సరదా పుట్టేది. వెంటనే అంకుల్‌కి ఫోన్ వెళ్ళేది.

“ముందు ఒకటి అద్దెకి తీసుకుని రెండు రోజులు అందులో పడుకోండి. అప్పటికీ కావాలనిపిస్తే నన్ను పిలవండి” అనేవారు. పిలిస్తే ఎంత దూరమైనా వచ్చేవారు. తను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకి ముందే చెప్పించేవారు. చల్లగా ఉన్నప్పుడు ఎలా అందుకుంటుందో వినాలట. టైర్లు ఎంత అరిగాయన్నది ఆయనకి లెక్కలేదు. ఈ బండ్లు తిరిగేదానికన్నా నిలబడి ఉండేదే ఎక్కువ, అరక్కుండానే టైరు ముసలిదైపోతుంది అనేవారు. వంగి, టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చదివి, అది ఏ వారంలో, ఏ ఏడాదిలో తయారైందో చెప్పేవారు. లోపలికి వెళ్ళగానే ఎవరినీ కిటికీ తెరవనిచ్చేవారు కాదు. కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం గాలి పీల్చేవారు. రూమ్ ఫ్రెష్‌నర్ వాసన వచ్చిందంటే ఆయన మొహం మారిపోయేది. నీళ్ళు కారి నానిన చెక్క వాసన దాచడానికే అది కొడతారట.

“ఇంజన్ సంగతి ఎవరైనా చూస్తారమ్మా. మీరు నీళ్ళ సంగతి చూడండి” అన్నది ఆయన దగ్గర నేను ఎక్కువసార్లు విన్న మాట.

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళబోయే ముందు వేసవిలో మేమూ ఒకటి చూశాం. లోపల మీగడ రంగు దిండ్లు, కిటికీలకి పూల కర్టెన్లు. చూడగానే నాకు మనసు పడిపోయింది. అంకుల్ నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కి, అతుకుల వెంట వేలు పెట్టి చూసుకుంటూ తిరిగారు. దిగివచ్చి లోపల సీలింగ్ మూలలన్నీ అరచేత్తో నొక్కుకుంటూ వచ్చారు. డ్రైవర్ సీటు పైన ఉండే మంచం దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకుని అక్కడ నొక్కించారు.

“మెత్తగా లేదూ? లోపల చెక్క నానిపోయిందమ్మాయ్.”

“చిన్న లీక్ అయి ఉంటుంది అంకుల్, మిగతాదంతా కండిషన్‌లోనే ఉంది కదా” అన్నారు మా ఆయన.

“ఇంజన్ పోతే ఇంకో ఇంజన్ పెట్టుకోవచ్చు బాబూ. దీనికి గోడలే మార్చాలి. వద్దు. వదిలేయండి.”

మేము వదల్లేదు. వారం తిరక్కుండా ఆయనకి చెప్పకుండానే కొన్నాం. తర్వాత ఓ రోజు మా ఇంటి ముందు డ్రైవ్‌వేలో దాన్ని చూసి, “టైర్ల డేట్ చూసుకున్నారా?” అని మాత్రం అడిగారు.

రెండు ట్రిప్పులే తిరిగాం. రెండోసారి టెన్నెసీ కొండల్లో వాన పట్టుకుంది. మా అమ్మాయి పరుపు తడిసి ముద్దయింది. ఇంటికొచ్చాక ఒకతన్ని పిలిచి, ఆ మూల మీద తెల్లటి ప్యానెల్ వేయించాను. చూడటానికి కొత్తదానిలా ఉంది. దాని వెనక ఏముందో నాకు తెలుసు. అయినా అమ్మకానికి పెట్టాను.

కొనడానికి వచ్చింది మా చర్చిలో కొత్తగా చేరిన జంట. చంకలో ఏడు నెలల పాప. ఇద్దరూ ఇలాంటి బండ్ల గురించి ఏమీ తెలియనివాళ్ళు. ఆ అబ్బాయి మొహమాటంగా, “ఆంటీ, దీన్ని అంకుల్ చూశారా?” అని అడిగాడు.

“అంకుల్ చూశారులే. మేం కొనేముందే చూశారు” అన్నాను.

ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. దానికి మించిన అబద్ధం నేను నా జీవితంలో ఆడలేదు. అంకుల్ అప్పుడు మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నారు. ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆ పిల్లలు మళ్ళీ అడగలేదు.

ఆకులు రాలే రోజులకి ప్యానెల్ ఉబ్బి ఊడివచ్చింది. వెనకంతా నల్లటి బూజు. ఆ కిందే పాపని పడుకోబెట్టేవారట, దగ్గు పట్టుకుంది. వాళ్ళు బండిని తిన్నగా అంకుల్ ఇంటికి తోలుకెళ్ళారు. ఆయన ఆ మూల చూశారు, ప్యానెల్ చూశారు. ఆయనకి అంతా అర్థమై ఉంటుంది. “నేను సరిగ్గా చూడలేదు బాబూ, నన్ను క్షమించండి” అన్నారట. బండి అక్కడే ఉంచేయమని, మానిన మోకాలితో ప్రతి శనివారం నిచ్చెనెక్కి తన చేతులతో బాగుచేయడం మొదలుపెట్టారు.

సంగతి తెలిసి ఒక శనివారం వెళ్ళాను. ఆయన నిచ్చెన మీద ఉన్నారు.

“అంకుల్, మీరు చూసి వద్దన్నారు కదా. వాళ్ళకి అలా ఎందుకు చెప్పారు?”

“నీ పేరు చెప్తే ఆ పిల్లలు చర్చికి రావడం మానేస్తారమ్మాయ్. ఈ ఊళ్ళో వాళ్ళకి ఉన్నది మన నలుగురమే. నా చెయ్యి తప్పిందంటే ఏముంది, ముసలాడు కదా అనుకుంటారు.”

“నేను చెప్తాను వాళ్ళకి.”

“చెప్పు. నేను చెప్పమననూ, వద్దననూ. ఆ సీలెంట్ గొట్టం ఇలా అందుకో.”

అందించాను. నేను చేసింది అంతే.

పాప దగ్గు తగ్గింది, బండి బాగుపడింది. ఈలోగా చర్చిలో మాట పాకిపోయింది. “అంకుల్‌కి వయసైపోయింది, పాపం చూపు ఆనట్లేదు” అని. ఆ మాట నా ముందే చాలాసార్లు అన్నారు. ప్రతిసారీ వచ్చే ఆదివారం చెప్పేద్దామనుకున్నాను. అలా ఏడాదిన్నర గడిచింది. ఆయనకి ఫోన్లు రావడం ఆగిపోయింది. ఆయన ఒక్కసారైనా నన్ను గుచ్చి చూసి ఉంటే నాకు తేలికగా ఉండేది. చూడలేదు. ఎప్పుడూ ముందు తనే “వందనాలమ్మాయ్” అనేవారు.

శనివారం సమాధి దగ్గర అందరూ వెళ్ళిపోతుండగా ఆ జంటని ఆపి జరిగింది చెప్పాను. అబ్బాయి అంకుల్ సమాధి వైపు తిరిగాడు.

“అంకుల్ మాకు రెండుసార్లు సారీ చెప్పారు ఆంటీ. పర్లేదు అంకుల్ అన్నాను. నేనే ఆయన్ని క్షమించాననుకుంటూ తిరిగాను ఇన్నాళ్ళూ.”

ఆ అమ్మాయి నా మొహం చూడకుండా పాపని ఎత్తుకుని కారు వైపు నడిచింది. నన్ను క్షమించమని వాళ్ళని అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా మొదటిసారి పాత మోటర్‌హోమ్ కొనబోతుంటే, అంకుల్ చెప్పినట్టు వాన పడిన మర్నాడు వెళ్ళి చూడండి. మూలలన్నీ అరచేత్తో నొక్కి చూడండి. ఫలానా ఆయన చూశారని అమ్మేవాళ్ళు అంటే, చూసి ఏమన్నారో అడగండి. ఆయన్నే అడగండి. మా చర్చి వాళ్ళకి ఇంకొక్క మాట. అంకుల్ చెయ్యి తప్పలేదు. చూపూ తప్పలేదు.

కిందటి వేసవిలో ఒక ఆదివారం నాకు పదేపదే గుర్తొస్తోంది. ఆరాధన తర్వాత భోజనాల దగ్గర అంకుల్ ఉన్న బల్ల దగ్గర ఎవరో తాము చూసివచ్చిన బండి ఫొటోలు ఫోన్‌లో చూపిస్తున్నారు. అంకుల్ తింటున్నవారు చెయ్యి కడుక్కుని వచ్చి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని కూర్చున్నారు. ఫోను ఆ చివరనుంచి ఒక్కొక్కరి చేతిలోకీ వస్తోంది. ఆయన పక్కన కూర్చున్నతను చూసి, దాన్ని ఆయన మీదుగా అవతలి మనిషికి అందించాడు. అంకుల్ కాస్త వెనక్కి జరిగి వాళ్ళ చేతులకి దారిచ్చారు. ఎదురు బల్ల దగ్గర నేను పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో అద్దాలు మెల్లగా తుడిచి, మడిచి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.