రంగు బరువు

మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. అన్నయ్య ఇంటర్‌తో చదువు ఆపి నౌకాదళంలో చేరాడు. నా ఇంజనీరింగ్ చదువు ఆ ఉద్యోగం చలవే. సర్వీసులో ఎక్కువ కాలం ఫ్రిగేట్ రకం యుద్ధనౌక ఒకదానిలోనే, డెక్ మీద పనిచేసి, పదవీ విరమణ తరువాత నూజివీడు దగ్గర ఒక మామిడి తోటకు కాపలాదారుగా కుదిరాడు. నేను విశాఖపట్నంలో ఓడల డిజైన్ ఆఫీసులో చేరాను.

ఫ్రిగేట్‌ను గీసేటప్పుడే దాని ముసలితనాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. రాడార్‌కు సులువుగా దొరకకుండా వాల్చిన గోడలు, డీజిల్ ఇంజన్లకు తోడుగా గ్యాస్ టర్బైన్లు, ఇవి అందరూ చెప్పుకునే విశేషాలు. ఎవరూ చెప్పుకోనిది, ముందుముందు ఎక్కబోయే ఆయుధాల కోసం, యంత్రాల కోసం మిగిల్చి ఉంచే బరువు. ఆ మిగులు అయిపోయాక, ఓడ ఎంత చక్కగా నడుస్తున్నా దానిమీద కొత్తది పెట్టడానికి వీలుండదు.

అన్నయ్య పనిచేసిన ఓడలో ఆ మిగులు ఇంకా ఉందా అన్నదే నౌకాదళం మా ఆఫీసును అడిగిన ప్రశ్న. డెక్ మీద ఎత్తుగా నిలిచే స్తంభానికి పైన కొత్త రాడార్ పెట్టగలిగితే మరమ్మతు చేసి మళ్ళీ సముద్రానికి పంపుతారు. లేకపోతే విరగ్గొట్టడమే. ఈ సంగతి తెలిసినప్పటినుంచి అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఓడ క్షేమం అడిగి, తరువాతే నా క్షేమం అడిగేవాడు.

ఓడలో ఆ స్తంభానికి రంగు వేసే పని అతనిదే. దాని గురించి ఎన్నోసార్లు గర్వంగా చెప్పాడు. తోటలో చెట్ల మొదళ్ళకు సున్నం కొట్టినా అంతే; పైన ఎర్ర పట్టీ అన్ని చెట్లకూ ఒకే ఎత్తులో ఉండాలి. మా నేవీ బాబాయి చెట్లకి యూనిఫాం తొడుగుతున్నాడని కూలీలు నవ్వేవారు.

గాలి లేని ఒక ఉదయం ఓడను తూచాము. సిబ్బందిని ఒడ్డుకు పంపి, కట్టిన తాళ్ళను వదులు చేసి, డెక్ మీద ఇనుప దిమ్మలను ఒక పక్కనుంచి మరో పక్కకు జరిపి, ఓడ ఎంత ఒరిగిందో తెలియడానికి తాడుకు వేలాడదీసిన గుండు ఎంత కదిలిందో కొలిచాము. స్తంభం దగ్గర ఒకచోట రంగు పెచ్చు ఊడి ఉంది. చేతిలోకి తీసుకుంటే అట్టంత మందంగా ఉంది.

లెక్క తేలింది. ఓడ బరువెక్కింది, ఆ బరువు పైకి చేరింది; పైన ఇంకా పెడితే ఒరిగిపోయే ప్రమాదం. కొత్త రాడార్‌కు చోటు లేదు.

ఆ మాట ఫోన్‌లో చెప్పలేక కోతల కాలంలో తోటకు వెళ్ళాను. కాయల బరువుకు వంగిన కొమ్మకు అన్నయ్య ఊతకర్ర పెడుతున్నాడు. చెప్పాను. కర్ర వదలకుండానే అడిగాడు.

"అంత బరువు ఏం ఎక్కిందిరా?"

తీయకుండా వదిలేసిన పాత కేబుళ్ళు, తరువాత బిగించిన యాంటెన్నాలు అన్నాను. అక్కడితో ఆపవలసింది. రంగు కూడా కొంత అన్నాను.

"రంగా?"

ఊతకర్రను కొమ్మ కిందికి ఇంకాస్త జరిపాడు.

"పాతది గీకి వెయ్యమనే చెప్పేవాళ్ళు. రేపు పెద్ద ఆఫీసర్ వస్తాడని ఈరోజు చెప్తే ఎప్పుడు గీకుతాం? దానిమీదే కొట్టేసేవాళ్ళం. భలే మెరిసేదిరా."

కొంత మాత్రమేనని, అదొక్కటే కారణం కాదని వివరించాను. తల ఊపాడు. ఆ మాట అతనికి చేరలేదని నాకు తెలుసు.

కోతలు ముగిశాక ఓడను విరగ్గొట్టే చోటికి లాక్కుపోయారు. ఆ వారమే మళ్ళీ వెళ్ళాను. సున్నం కొట్టే రోజులు. అన్నయ్య బకెట్ పక్కన పెట్టి, ఇనుప రేకుతో చెట్టు మొదలు మీది పాత సున్నం గీకుతున్నాడు.

"పొద్దుట్నుంచి ఇదేనండీ, చెట్టుకి గడ్డం గీస్తున్నాడు మీ అన్న," అంది ఒక కూలీ.

"సున్నం బరువుకి చెట్టేం పడిపోదు అన్నయ్యా," అన్నాను.

"తెలుసులేరా."

చెయ్యి ఆగలేదు. సున్నంతోపాటు బెరడు కూడా లేచి వస్తోంది.